పిల్లిపిల్లకి పెళ్ళిచూపులు

"రెండు వేలా? పిల్లికా?" అన్నారు మా అత్తగారు, చిక్కుడుకాయలు ఒలుస్తున్నదల్లా ఆపేసి.

మా అమ్మాయి రెండేళ్ళుగా పిల్లిపిల్ల కావాలని ప్రాణం తోడేస్తోంది. దెబ్బలు తగిలిన పిల్లుల్నీ, తల్లి లేని పిల్లల్నీ తెచ్చి, బాగుచేసి, ఇళ్ళు వెతికి ఇచ్చే అమ్మాయి ఒకరు మా కాలనీకి దగ్గర్లోనే ఉంది. ఆమె దగ్గర మూడు నెలల బూడిదరంగు పిల్ల ఉందని తెలిసి ఫోన్ చేశాను. చక్కగా మాట్లాడింది. చివర్లో, "అడాప్షన్ ఫీజు రెండు వేలు ఆంటీ. ఇంకొకటి, ఇచ్చేముందు ఒకసారి మీ ఇల్లు చూడ్డానికి వస్తాను. ఏమీ అనుకోకండి" అంది.

"రోడ్డు మీద దొరికిన పిల్లికి మనం డబ్బులు కట్టాలి. పైగా ఆవిడగారు వచ్చి మన ఇల్లు చూస్తారట. పిల్లికి పెళ్ళిచూపులన్నమాట!" అన్నారు అత్తగారు. మావారు నవ్వారు. అమ్మాయి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆ రాత్రి నిద్ర పట్టక ఒక ప్రశ్న పట్టుకుని కూర్చున్నాను. పిల్లికి ధర ఎప్పటినుంచి ఉంది? ఇచ్చేవాళ్ళు తీసుకునేవాళ్ళ ఇల్లు చూడ్డం ఎప్పుడు మొదలైంది? వెతుకుతూ పోతే రెండు మూడు వారాలు వంటింట్లో నా ధ్యాస అంతా అదే. తెలిసింది మీకూ చెప్పాలనిపించింది.

ఇంగ్లండ్ పక్కనున్న వేల్స్ దేశంలో 10వ శతాబ్దంలో హవెల్ దా అనే రాజుండేవాడు. ఆయన పేరు మీద ప్రచారంలోకి వచ్చిన చట్టాల్లో పిల్లి ధర రాసుంది. కళ్ళు తెరవని పిల్లకి 1 పెన్నీ. కళ్ళు తెరిచాక, ఎలుకని పట్టేదాకా 2 పెన్నీలు. ఎలుకని పట్టడం వచ్చాక 4 పెన్నీలు. అంతేకాదు, అమ్మేవాడు హామీ ఇవ్వాలి. పిల్లికి చూపు, వినికిడి బాగుండాలి, గోళ్ళు సరిగ్గా ఉండాలి, ఎలుకల్ని చంపాలి, తన పిల్లల్ని తాను తినకుండా పెంచాలి. వీటిలో ఏది లోపించినా ధరలో మూడోవంతు వెనక్కివ్వాలి. మనం మిక్సీ కొన్నప్పుడు వారంటీ కార్డు చూసుకుంటామే, అలాగన్నమాట. ఇంకో తమాషా ఏమిటంటే, భార్యాభర్తలు విడిపోతే ఇంట్లో సామాను ఎలా పంచాలో చెబుతూ ఒక పిల్లి భర్తకీ, మిగతావి భార్యకీ అని రాశారు. ధాన్యం కాపాడే పిల్లి ఆస్తి కిందే లెక్క.

చైనాలో కథ ఇంకా బాగుంటుంది. సోంగ్ వంశపు రాజుల కాలంలో, అంటే సుమారు వెయ్యి, ఎనిమిది వందల ఏళ్ళ క్రితం, పిల్లిపిల్లని తెచ్చుకోవడానికి ఉత్తచేతులతో వెళ్ళేవాళ్ళు కాదు. ఇంటివాళ్ళకి ఉప్పు పొట్లం కట్టి తీసుకెళ్ళేవాళ్ళు. విల్లో కొమ్మకి గుచ్చిన చేపలు తీసుకెళ్ళడం కూడా ఉండేది. ఆ కాలపు పెద్ద కవులు లు యూ, హువాంగ్ టింగ్‌జియాన్ తమ కవితల్లో ఈ ఉప్పు గురించీ, చేపల గురించీ రాసుకున్నారు. ఇలా పిల్లిని తెచ్చుకోవడానికి వాళ్ళు వాడిన మాట, పెళ్ళికూతురిని కానుకలిచ్చి ఖాయం చేసుకోవడానికి వాడే మాటే. మా అత్తగారు ఎగతాళికి అన్న పెళ్ళిచూపులు అక్కడ నిజంగానే ఉన్నాయి!

ఆ తర్వాతి యువాన్ కాలం నాటి పుస్తకంలో పిల్లి కోసం రాసుకునే ఒప్పందపు నమూనా ఒకటి అచ్చయింది. పిల్లిని ఎవరు ఎవరికి ఇస్తున్నారు, ధర ఎంత, అన్నీ అందులో ఉంటాయి. సాక్షులు దేవతలు. బౌద్ధ గ్రంథాల్ని ఎలుకల బారినుంచి కాపాడడానికి పిల్లిని పడమటి దేశం నుంచి భిక్షువు తీసుకొచ్చాడని కూడా అందులో ఉంది. వాళ్ళకి ఆ పడమటి దేశమంటే మన దేశమే. తర్వాత షరతులు. పిల్లి ఎలుకల్ని పట్టడంలో బద్ధకించకూడదు. కోళ్ళ జోలికి, పశువుల జోలికి వెళ్ళకూడదు. దొంగతిండి తినకూడదు. ఇల్లు విడిచి తిరగకూడదు. తిరిగితే దెబ్బలు తప్పవు.

ఇది చదివి కాసేపు ఆగిపోయాను. వేల్స్ చట్టంలో బాధ్యత అమ్మేవాడిది. చైనా ఒప్పందంలో బాధ్యత పిల్లిది. తీసుకునేవాడు దానికేం పెట్టాలి, జబ్బు చేస్తే ఏం చేయాలి, ఎక్కడ పడుకోబెట్టాలి అన్నది రెంటిలోనూ లేదు.

మన తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ గుర్తుందా? ఎలుకల బెడద ఎక్కువైందని రాయలవారు ఇంటికో పిల్లిని, దాని పాలకోసం ఒక ఆవుని కూడా ఇచ్చారట. రామకృష్ణుడు మొదటిరోజే పిల్లి ముందు సలసలా కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి మళ్ళీ పాలవంక చూడలేదు. పాలన్నీ ఈయన తాగాడు. కొన్నాళ్ళకి రాజు పిల్లులన్నిటినీ రప్పించి చూస్తే అందరివీ బొద్దుగా ఉన్నాయి, ఈయనది ఎముకల గూడు. చిన్నప్పుడు పడీపడీ నవ్వుకున్న కథ. ఇప్పుడు మా అమ్మాయికి చెబుతుంటే నాకు ఆ కాలిన మూతే కనబడింది. రాజు పిల్లినిచ్చాడు, ఖర్చూ ఇచ్చాడు, తనిఖీ కూడా చేశాడు. కానీ ఇచ్చేముందు ఎవరింటికి ఇస్తున్నానని ఆలోచించలేదు.

అసలు కష్టం పిల్లికి ధర పోయాక మొదలైంది. పట్నాలు పెరిగాయి. ఇంట్లో గాదెలు పోయాయి. పిల్లి చేసే పని విలువ తగ్గింది, పిల్లలు పెట్టడం మాత్రం తగ్గలేదు. రెండు నెలల కడుపు, ఈతకి నాలుగైదు పిల్లలు. ఆ పిల్లలకి అయిదారు నెలలు వస్తే అవీ తల్లులే. ఎవరికి కావాలి ఇన్ని? ఇంగ్లండ్‌లో, అమెరికాలో పుట్టిన పిల్లల్ని బకెట్లో ముంచేయడం మామూలు ఇంటిపని అయిపోయింది. మన దగ్గర గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేయడం చూడనిదెవరు? పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని మన పెద్దలు భయపెట్టారు కాబట్టి చంపకుండా వదిలేస్తారు. ఊరవతల దానికేమవుతుందో చూడ్డానికి మనం అక్కడ ఉండం.

వీటికి ఒక గూడు కావాలని ముందుకొచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. 1860లో లండన్ హాలోవేలో మేరీ టీల్బీ అనే ఆవిడ దిక్కులేని కుక్కల కోసం ఒక ఆశ్రయం తెరిచారు. అదే 1871లో బాటర్సీకి మారింది. 1883 నుంచి పిల్లుల్ని కూడా తీసుకోవడం మొదలుపెట్టింది. అమెరికాలో ఫిలడెల్ఫియాలో కరోలిన్ ఎర్ల్ వైట్ జంతువుల కోసం ఒక సంఘం ఏర్పడేలా కష్టపడ్డారు. తీరా సంఘం ఏర్పడ్డాక ఆడవాళ్ళకి దాని పాలకవర్గంలో చోటు లేదన్నారు. ఆవిడ ఊరుకోలేదు. 1869లో ఆడవాళ్ళతోనే విడిగా ఒక శాఖ పెట్టి ఆశ్రయం నడిపారు. 1899లో బోస్టన్‌లో ఆనా హారిస్ స్మిత్ ఇంకొకటి పెట్టారు.

అయితే ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ఆశ్రయాలకి చేరిన పిల్లుల్లో చాలావాటికి దొరికింది ఇల్లు కాదు, కాస్త తక్కువ బాధతో వచ్చే చావు. వచ్చేవి వందల్లో, అడిగేవాళ్ళు పదుల్లో. ఆ లెక్క మారనంతకాలం ఫీజులూ ఇల్లు చూడ్డాలూ ఎక్కడివి? ఎవరైనా తీసుకుంటే చాలు.

ఆ లెక్కని మార్చినవి రెండు. ఒకటి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. 1927లో లండన్‌లోని కాక్స్టన్ హాల్లో జెస్సీ వేడ్ అధ్యక్షతన ఒక సమావేశం జరిగి, పిల్లుల కోసమే ఒక సంఘం పుట్టింది. ఓటుహక్కు కోసం పోరాడిన ఆడవాళ్ళు 1907లో తమ మహిళా పార్లమెంటు పెట్టుకున్నదీ ఆ హాల్లోనే. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఇలాంటి సంఘాల ప్రచారం వల్ల, పశువైద్యం పెరగడం వల్ల పిల్లికి ఆపరేషన్ మామూలు విషయమైంది.

రెండోది, మీరు నవ్వుతారేమో, మట్టి. 1947లో అమెరికాలోని మిషిగన్‌లో ఎడ్ లో అనే ఆయన, పిల్లికోసం ఇసుక అడిగిన పక్కింటావిడకి నూనెమరకలు పీల్చుకునే బంకమట్టి పలుకులు ఇచ్చాడు. వాసన రావడం లేదని ఆవిడ మళ్ళీ అదే అడిగింది. అది చూసి ఆయన దాన్ని సంచుల్లో కట్టి అమ్మాడు. ఈరోజు మనం లిట్టర్ అంటున్నది అలా మొదలైంది. దాంతో పిల్లి పూర్తిగా ఇంట్లోనే బతకడం వీలైంది. గోడలెక్కి తిరిగే పిల్లికి ఊరంతా ఇల్లే, నచ్చకపోతే ఇంకో గడపకి పోతుంది. నాలుగు గోడల మధ్య బతికే పిల్లికి ఆ ఇల్లే లోకం. కిటికీకి కన్నముంటే దాని లోకానికే కన్నం. ఇల్లు చూసి ఇవ్వాలన్న ఆలోచనకి బలం ఇక్కడినుంచే వచ్చిందని నాకనిపిస్తుంది.

ఇక నాకు నవ్వెందుకు రాలేదో చెబుతాను.

నాలుగేళ్ళ క్రితం మా మేడ మెట్ల కింద ఒక వీధిపిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. రెండు నెలలు నేనే పాలూ అన్నమూ పెట్టి సాకాను. మూడింటిని తెలిసినవాళ్ళు తీసుకున్నారు. నల్లమచ్చల పిల్లని మా పెద్దమ్మగారి అమ్మాయి అడిగింది. అక్కే కదా, ఇంకేం కావాలి? కూరగాయల బుట్టలో పాత చీర పరిచి ఇచ్చి పంపాను. అక్కది అయిదో అంతస్తులో ఫ్లాటు. బాల్కనీకి వల ఉందా అని అడగాలని తోచింది, నిజం. కానీ అడగలేదు. అడిగితే నీ ఇల్లు సరిగ్గా లేదన్నట్టు ఉంటుందేమోనని మొహమాటపడ్డాను.

పదకొండో రోజున అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. గట్టుమీద వాలిన పావురం కోసం దూకి, కడ్డీల సందులోంచి కింద పడింది. ఆస్పత్రి దాకా కూడా వెళ్ళలేదు.

అక్క దాన్ని ప్రేమగా చూసుకోలేదని నేను ఏనాడూ అనను. తన కంచం పక్కనే దానికో గిన్నె పెట్టింది. ఆ ఇంట్లో ప్రేమకి లోటు లేదు. లేనిది వల ఒక్కటే. అది అడగాల్సినదాన్ని నేను. న్యూయార్క్‌లో ఒక పశువైద్యశాలకి అయిదు నెలల్లో మేడల మీంచి పడిన పిల్లులు 132 వచ్చాయని 1987లో అక్కడి డాక్టర్లు రాశారు. వైద్యం అందినవాటిలో నూటికి 90 బతికాయట. పిల్లి ఎంత ఎత్తునుంచి పడినా కాళ్ళమీదే వాలుతుంది, దానికేం కాదు అని మనం ధీమాగా అంటుంటాం. ఆ 90 ఆస్పత్రికి చేరినవాటి లెక్క. చేరనివి ఆ లెక్కలో లేవు.

మరి ఫీజు మాటేమిటి? డబ్బు కట్టినవాళ్ళే బాగా చూసుకుంటారని చాలామంది అంటారు. అది నిజం కాకపోవచ్చు. అమెరికాలో పెద్దపిల్లుల్ని డబ్బు కట్టి తీసుకున్నవాళ్ళనీ, ఉచితంగా తీసుకున్నవాళ్ళనీ పోల్చిన ఒక పరిశీలన 2009లో అచ్చయింది. మమకారంలో ఇద్దరికీ తేడా కనబడలేదు. మా అక్క సంగతి తెలుసు కాబట్టి నేను వెంటనే నమ్మాను. ఫీజు ప్రేమకి కొలత కాదు. అది ఖర్చులో వాటా. ఆ అమ్మాయిని అడిగితే ఫోన్లో బిల్లులు చూపించింది. రెండు టీకాలు, నులిపురుగుల మందు, కంటికి చుక్కలు, రేబీస్ టీకా, ఆరో నెలలో చేయించాల్సిన ఆపరేషన్‌కి కొంత. అన్నీ కలిపితే 2,000 కి రెట్టింపు దాటింది. మనమిచ్చేది ఈ పిల్ల ధర కాదు, తర్వాత వచ్చే పిల్ల మందు.

ఇంకో లెక్క కూడా చూడండి. మన దేశంలో జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే చట్టం 1960లో వచ్చింది. రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ బిల్లు పెట్టి పట్టుబట్టడం వల్లే ప్రభుత్వం ఆ చట్టం తెచ్చింది. ఆకలితో, దాహంతో బాధపడేలా జంతువుని వదిలేయడం ఆ చట్టం ప్రకారం నేరమే. కానీ మొదటిసారి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అప్పటి 50 రూపాయలు పెద్ద మొత్తమే. ఇప్పటికీ ఆ అంకె అలాగే ఉంది. పిల్లిపిల్లని రోడ్డు మీద వదిలేస్తే 50 రూపాయలు, కాపాడినవాళ్ళ ఖర్చు వేలల్లో. ఫ్రాన్స్‌లో 2022 అక్టోబరు నుంచి, కొన్నా ఉచితంగా తెచ్చుకున్నా సరే, పిల్లి బాధ్యతలు తెలుసని సంతకం పెట్టి 7 రోజులు ఆగాకే ఇంటికి తెచ్చుకోవాలి. ముచ్చటపడి తెచ్చుకుని మూణ్ణెల్లకి వదిలేయకుండా ఆ వారం గడువు. మనకి అలాంటి నియమం లేదు కాబట్టే, ఆ పని ఇలాంటి అమ్మాయిలు తమ భుజాన వేసుకున్నారు.

ఇల్లు చూడ్డంలోనూ అతి ఉందని చెప్పేవాళ్ళున్నారు. అద్దె ఇల్లని, వయసు మళ్ళినవాళ్ళని మంచి ఇళ్ళనే వద్దంటున్నారని విమర్శలు వచ్చాక అమెరికాలో చాలా షెల్టర్లు ఇంటికి వెళ్ళడం మానేసి, కూర్చోబెట్టి మాట్లాడే పద్ధతికి మారాయి. అదీ న్యాయమే. ఒకటి మాత్రం మనం మరిచిపోకూడదు. 1892లో గురజాడవారి 'కన్యాశుల్కం' నాటకం మొదట ఆడినప్పుడు ఆ శుల్కం మన ఇళ్ళల్లో మామూలు మాట. డబ్బు లెక్కపెట్టి తీసుకున్నారు, ఎవరికి ఇస్తున్నామో చూడలేదు. అందుకే పసిపిల్లలు ముసలివాళ్ళ పాలయ్యారు. శుల్కం ఉండి ఇల్లు చూడకపోతే అది అమ్మకమే. వీధిపిల్లి విషయంలోనైనా సరే.

ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది. నేను పొద్దున్నే లేచి సోఫా కవర్లు మార్చాను. ఆమె వాటివంక చూడనేలేదు. తిన్నగా వెళ్ళి బాల్కనీ వల పట్టుకుని లాగి చూసింది. "ఇది పావురాల వల ఆంటీ, బయటివి లోపలికి రాకుండా. లోపలిది గోళ్ళతో లాగితే ఆగదు. కింద రెండడుగులు ఇనపజాలీ వేయించండి" అంది. వంటింటి కిటికీ, వాషింగ్ మెషిన్ వెనక సందు చూసింది. ఇల్లు సొంతమా, అద్దె అయితే ఓనర్‌కి చెప్పారా అని అడిగింది. సంక్రాంతికి ఊరెళితే అన్నం ఎవరు పెడతారని అడిగింది. ఈ మధ్య ఇంట్లో పిల్లి ఏదైనా వాంతులు, విరేచనాలతో చనిపోయిందా అని అడిగితే నేను ఆశ్చర్యపోయాను. పిల్లులకి వచ్చే పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు వైరస్ ఇంట్లో నేలమీద, గుడ్డల్లో ఏడాది దాకా బతికి ఉంటుందట. టీకాలు పూర్తికాని పిల్లని అలాంటి ఇంట్లోకి పంపితే ప్రాణానికే ముప్పు.

ఆఖరికి మా అత్తగారి పక్కన కూర్చుని, "అమ్మమ్మగారూ, మీకు ఇష్టమేనా? పగలంతా దానితో ఉండేది మీరే కదా" అంది.

అత్తగారు ఒక నిమిషం మాట్లాడలేదు. మేం ముగ్గురం రెండేళ్ళుగా ఈ పిల్లి గురించి వాదించుకుంటున్నాం. ఆవిడని అడగాలని ఒక్కరికీ తోచలేదు. "నా మంచం ఎక్కకపోతే చాలమ్మా" అన్నారు చివరికి. ఆ తర్వాత తనే అన్నారు, "తల్లి పిల్లి కూడా పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుంది కదా. ఊరికే తిప్పుతుందా, ఎక్కడ క్షేమమో చూసుకుంటుంది. దీనికి తల్లి లేదు కాబట్టి నువ్వు తిరుగుతున్నావు."

జాలీ వేయించడానికి నాలుగు రోజులు పట్టింది. ఫొటో పంపాక గురువారం సాయంత్రం పిల్లని తెచ్చింది. సంతకం పెట్టమని ఒక కాగితం ఇచ్చింది. ఆరో నెలలో ఆపరేషన్ చేయించాలి. టీకాలు మానకూడదు. మాకు కుదరకపోతే వేరేవాళ్ళకి ఇవ్వకుండా తనకే తిరిగివ్వాలి. పిల్లి ఎలుకలు పట్టాలని గానీ, దొంగతిండి తినకూడదని గానీ ఎక్కడా లేదు. షరతులన్నీ మాకే. ఇన్ని శతాబ్దాలకి కాగితం మనుషులవైపు తిరిగింది. సంతకం పెట్టేటప్పుడు నాలుగేళ్ళ నాటి కూరగాయల బుట్ట కళ్ళముందు మెదిలింది. అప్పుడు ఇలాంటి కాగితం నా చేతిలో ఉండి ఉంటే అడగడానికి మొహమాటం అడ్డొచ్చేది కాదు.

మీలో ఎవరైనా పిల్లిపిల్లల్ని ఇస్తుంటే, అక్కచెల్లెళ్ళకైనా సరే, బాల్కనీ సంగతి అడగండి. అడిగితే ఒక్కరోజు ముఖం ముడుచుకుంటారేమో. అంతకంటే ఏమీ కాదు. మీరు తీసుకునేవాళ్ళయితే, ఇల్లు చూస్తామన్నవాళ్ళకి కాఫీ ఇచ్చి చూపించండి.

నేను 2,000 లెక్కపెట్టి ఇస్తుంటే అత్తగారు లోపలికెళ్ళి తన పర్సు తెచ్చారు. ఒక వంద, ఒక పది, ఆరు రూపాయి బిళ్ళలు తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. "ఆడపిల్లని తెచ్చుకుంటున్నాం. సున్నాతో ఆపకూడదు. రెండు వేల నూటపదహారు" అన్నారు.

ఆ పిల్ల ఇప్పుడు ఆవిడ మంచం మీదే పడుకుంటోంది.